ప్లాస్టిక్‌ని ఇనుముకి అతికించడం ఎలా? ముందు ఊడిన ముక్కని చూడండి

ఊడిపోయిన ముక్క చేతికి రాగానే మనం చేసే మొదటి పని జిగురు ట్యూబు మూత తీయడం. ఆ పని ఒక్క ఐదు నిమిషాలు ఆపండి. ముక్కని వెలుతురులోకి తెచ్చి తిప్పి చూడండి. పాత జిగురు ఎటువైపు ఉండిపోయింది?

జిగురంతా ఇనుము మీదే ఉండి ప్లాస్టిక్ వైపు నున్నగా ఉంటే, ఆ ప్లాస్టిక్ ఆ జిగురుని అసలు పట్టుకోలేదన్నమాట. జిగురంతా ప్లాస్టిక్‌తోపాటు వచ్చేసి ఇనుము మెరుస్తూ కనిపిస్తే, లోపం ఇనుము వైపు ఉంది. అక్కడ జిడ్డో తుప్పో ఉండగానే అంటించేశారు. జిగురు మధ్యలోకి చీలి రెండువైపులా సగం సగం మిగిలితే, రెండు ముఖాలూ బాగానే తయారయ్యాయి కానీ జిగురుకే ఆ బరువు మోసే శక్తి లేదు, లేదా అది సరిగ్గా కలవలేదు. ఈ మూడింటికీ మందు వేరు వేరు. మూడింటికీ "ఇంకా స్ట్రాంగ్ గమ్ కొందాం" అనే ఒకే మందు వేస్తాం కాబట్టే అతికించిందే మళ్లీ మళ్లీ అతికిస్తూ ఉంటాం.

మా ఎదురింటి పిన్నిగారు ఒకసారి ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుని వచ్చారు. లోపల స్క్రూ పట్టే చోటు విరిగిపోతే గమ్‌తో అతికించారట, మూడుసార్లు ఊడిందట. "ఈసారి ఖరీదైనది కొనమంటావా బాబూ?" అని అడిగారు. హ్యాండిల్ వెనక్కి తిప్పితే జిగురు గట్టిగానే ఉంది. గోటితో గీరినా రాలేదు. కానీ ఆ జిగురు పైన కాగితం మందాన తెల్లటి పొర ఒకటి అంటుకుని ఉంది. అది ఫ్రిజ్ పెయింటు. జిగురు హ్యాండిల్‌ని పట్టుకుంది, పెయింటుని కూడా పట్టుకుంది. రేకుని వదిలేసింది మాత్రం పెయింటు. పెయింటు మీద అతికించినప్పుడు మీ అతుకు బలం ఆ పెయింటు పట్టు ఎంతో అంతే, అంతకు మించి రాదు. హ్యాండిల్ కింద దాక్కునే మేరకే పెయింటు గీకేసి, రేకు కనబడ్డాక రెండు ట్యూబుల్లోది కలిపి వాడే మామూలు జిగురుతో అతికించాం. ఖరీదైన గమ్ అవసరం రాలేదు.

అతికించకూడనివి ముందే పక్కన పెట్టండి

ప్రెషర్ కుక్కర్ పిడి, పెనం పిడి, బండి బ్రేకుకి సంబంధించిన ఏ భాగమైనా, గ్యాస్ స్టవ్ లోపలి భాగాలు, వీటిని జిగురుతో బాగుచేయకండి. ఇంట్లో వాడే, రెండు ట్యూబుల్లోది కలిపితే గట్టిపడే ఎపాక్సీ జిగుళ్లు చాలావరకు 60 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడటం మొదలుపెడతాయి. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల 120 డిగ్రీల దాకా ఉంటుంది. పప్పుతో నిండిన కుక్కర్ ఎత్తుతుండగా పిడి చేతికి వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ పిడి స్క్రూతో బిగించేది, కొత్తది సామాన్ల కొట్లో దొరుకుతుంది.

మిక్సీ జారు హ్యాండిల్ విషయంలో కూడా నా మాట ఇదే. తడి, వేడి, అదురు మూడూ కలిసే చోటు అది. స్పేర్ పార్టుల షాపుకి జారు పట్టుకెళ్తే సరిపోయే హ్యాండిల్ ఇస్తారు. జిగురుతో కాలక్షేపం చేయకండి.

అతికించదగ్గవి ఇంకా బోలెడు ఉన్నాయి. బీరువా తలుపు మీద ఊడిన ప్లాస్టిక్ పిడి, స్టీలు షెల్ఫు కాళ్ల తొడుగులు, గేటుకి నేమ్ ప్లేటు, కుట్టు మిషను మూత క్లిప్పు, టేబుల్ ఫ్యాను అడుగున బేస్, ఇనప ఫ్రేముకి స్విచ్ బాక్సు. వీటి గురించే ఇక్కడ చెబుతున్నాను.

అది ఏ ప్లాస్టిక్?

ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. జిగురు విషయంలో రెండు జాతులు అనుకోండి. అతుక్కునేవి, అతుక్కోనివి.

ఏబీఎస్ (టీవీ, మిక్సీ బాడీల గట్టి ప్లాస్టిక్), పీవీసీ, యాక్రిలిక్, పాలీకార్బొనేట్, ఇవి అతుక్కునే జాతి. నైలాన్ కొంచెం మొండిది కానీ బాగా గరుకు చేస్తే లొంగుతుంది. పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్ మాత్రం అతుక్కోని జాతి. బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, డబ్బాల మూతలు, కార్ల బంపర్లు చాలావరకు వీటితోనే చేస్తారు. తామరాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లిపోతుందో వీటి మీద జిగురు కూడా అలాగే ముడుచుకుంటుంది. పరుచుకోని జిగురు పట్టుకోదు. టెఫ్లాన్ వీటన్నిటికన్నా అధ్వాన్నం, దాని జోలికే వెళ్లకండి.

ఎలా కనిపెట్టాలి? ముక్క లోపలివైపు చూడండి. తయారుచేసేటప్పుడే అచ్చులో అక్షరాలు పోస్తారు. త్రికోణం గుర్తులో అంకె ఉంటే 2, 4 పాలీఎథిలీన్, 5 పాలీప్రొపిలీన్, 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్. బండ్లు, ఎలక్ట్రికల్ వస్తువుల మీద అంకె బదులు ఏబీఎస్, పీపీ, పీసీ, పీఏ అని ఇంగ్లిషు అక్షరాలే ఉంటాయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్, పీసీ అంటే పాలీకార్బొనేట్, పీఏ అంటే నైలాన్.

గుర్తు లేకపోతే నీళ్ల పరీక్ష ఉంది. కనబడని అంచు నుంచి గోరంత ముక్క బ్లేడుతో కోయండి. గ్లాసు నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి ఆ ముక్కని వేలితో అడుగుదాకా నొక్కి వదలండి. సబ్బు వేయకపోతే, నొక్కకపోతే, చిన్న ముక్క మునగాల్సినది కూడా నీటి పై పొర మీద ఊరికే ఆగిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. వదిలాక పైకి తేలితే అది పాలీప్రొపిలీన్ లేదా పాలీఎథిలీన్. నీటికన్నా తేలికైన మామూలు ప్లాస్టిక్‌లు ఈ రెండే. మునిగితే చాలావరకు అతుక్కునే జాతే. మినహాయింపులు లేకపోలేదు. టెఫ్లాన్ కూడా మునుగుతుంది. పొడి కలిపిన పాలీప్రొపిలీన్ బరువెక్కి మునిగిపోతుంది. ముక్క మునిగినా, పట్టుకుంటే మైనంలా జారుతున్నట్టుంటే అనుమానించండి.

కొందరు కాల్చి వాసన చూడమంటారు. వద్దు. అది పీవీసీ అయితే వచ్చే పొగలో యాసిడ్ ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. గ్లాసు నీళ్లు చాలు.

ఏ జిగురు?

నన్ను అడిగితే ఇంట్లో ప్లాస్టిక్, ఇనుము అతికించడానికి మొదట చేయి వెళ్లాల్సింది రెండు ట్యూబుల ఎపాక్సీ వైపు. అరాల్డైట్ అని అడిగితే ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఇస్తారు. ఒక ట్యూబులో రెసిన్, ఇంకో దాంట్లో హార్డెనర్. రెండు ముఖాల మధ్య సందు ఉన్నా నింపుతుంది, బరువు మోస్తుంది, తడికి తట్టుకుంటుంది. తొందరగా గట్టిపడే రకం, నెమ్మదిగా గట్టిపడే రకం రెండూ ఉన్నాయి. రాత్రంతా ఆగగలిగితే నెమ్మది రకమే తీసుకోండి, దాని పట్టే ఎక్కువ.

ఫెవిక్విక్ లాంటి ఇన్‌స్టంట్ గ్లూలని తీసిపారేయక్కర్లేదు, వాటి చోటు వేరు. ఈ జాతి జిగురు 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ చేతిలో పుట్టింది. చేతికి తగిలిన ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. చివరికి 1958లో బజారుకి వచ్చింది. ఇది ఆరి గట్టిపడదు, గాల్లో, వస్తువు మీద ఉండే తేమ తగిలి గట్టిపడుతుంది. అందుకే పలుచగా వేస్తేనే పనిచేస్తుంది. చుక్క మీద చుక్క వేసిన కొద్దీ మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. రెండు ముఖాలూ సందు లేకుండా కూర్చునే చిన్న ముక్కలకి ఇది బాగుంటుంది. కానీ గట్టిపడ్డాక గాజులా పెళుసుగా ఉంటుంది. కింద పడినా, అదురు తగిలినా టక్కున వదిలేస్తుంది. బండి మీద భాగాలకి, తలుపు దబదబ వేసే చోట వాడకండి. నల్లటి ప్లాస్టిక్, యాక్రిలిక్ మీద చుట్టూ తెల్లటి బూడిదలా పొర కూడా కమ్ముతుంది.

ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగుళ్లు పెద్ద పలుచటి షీట్లకి. రెండువైపులా రాసి, వేలికి అంటని దాకా పదీ పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు ఒకేసారి నొక్కాలి. తడిగా ఉండగా అంటిస్తే లోపలి ద్రావకం బయటికి పోలేక రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది.

ఎం-సీల్ పుట్టీ సందులు పూడ్చడానికి, విరిగిన మూలలు కట్టడానికి పనికొస్తుంది. పలుచటి అతుకుకి కాదు. వేడి గ్లూ గన్ ఇనుము మీద తేలిపోతుంది. చల్లటి లోహం ఆ వేడిని క్షణంలో లాగేసుకుంటుంది, జిగురు పరుచుకునే లోపే గడ్డకడుతుంది. సిలికాన్ వాడాల్సివస్తే వాసన చూడండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు యాసిడ్ వదులుతుంది, రాగికి, జింకు పూత ఉన్న రేకుకి తుప్పు తెస్తుంది. షాపులో న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి.

శుభ్రం చేయడం: పనిలో ముప్పావు వంతు ఇదే

వరస ముఖ్యం. కడగాలి, గరుకు చేయాలి, మళ్లీ తుడవాలి. చాలామంది నేరుగా ఎమరీ పేపర్ అందుకుంటారు. జిడ్డు ఉండగా గీరితే ఆ జిడ్డుని మీ చేతులతో మీరే గీతల్లోకి రుద్దినట్టు. తర్వాత ఎంత తుడిచినా రాదు.

మొదట రెండు ముక్కల్నీ గిన్నెల సబ్బుతో, గోరువెచ్చటి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వంటింటి వస్తువైతే రెండుసార్లు కడగండి. పోపు పొగ జిడ్డు కంటికి కనబడదు కానీ అన్నిటి మీదా ఉంటుంది.

ఇనుము వైపు పెయింటు, తుప్పు, పాత జిగురు మొత్తం బ్లేడుతో గీకేయండి. తర్వాత 80 నుంచి 120 నంబరు ఎమరీ పేపర్‌తో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా రుద్దండి. మెరుపు పోయి బూడిద రంగులోకి రావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఓపిక కావాలి, అది మొండిది. అల్యూమినియం అయితే గీరిన అరగంటలోపే అతికించేయండి, దాని మీద గాలికి కొత్త పొర వెంటనే పుట్టడం మొదలవుతుంది.

ప్లాస్టిక్ వైపు 180 లేదా 220 నంబరు చాలు. మెరుపు పోతే చాలు, గాట్లు పడక్కర్లేదు. అచ్చు నుంచి ముక్క సులువుగా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే జారుడు పూత కొత్త వస్తువు మీద కూడా ఉంటుంది. అది ఈ రుద్దడంతోనే పోవాలి.

చివరి తుడుపుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. ఎలక్ట్రానిక్స్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో చిన్న సీసా దొరుకుతుంది. తెల్లటి పాత నూలు గుడ్డ తడిపి ఒకవైపుకే తుడవండి, గుడ్డ మడత మార్చుతూ. గుడ్డ మీద మరక పడటం ఆగేదాకా తుడవాలి. హ్యాండ్ శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా అనుకోకండి. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, అది జిడ్డుగా మిగిలిపోతుంది. పెట్రోలు కూడా వద్దు, ఆరాక నూనె పొర వదులుతుంది. థిన్నర్, అసిటోన్ ఇనుము మీద వాడొచ్చు కానీ ఏబీఎస్, యాక్రిలిక్, పాలీకార్బొనేట్ మీద పడితే అవి కరుగుతాయి, లేదా జుట్టంత సన్నటి పగుళ్లు వస్తాయి. యాక్రిలిక్‌ని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే సరిపోతుంది.

ఇనుము శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, ఇది నాకు చాలా ఇష్టం. గీరిన చోట నాలుగు చుక్కల నీళ్లు పోసి పలకని వంచండి. నీరు ఒకే పలుచటి పొరగా పరుచుకుని జారితే శుభ్రం. మధ్యలో ఎక్కడైనా విడిపోయి ముత్యాల్లా ముడుచుకుంటే అక్కడ ఇంకా జిడ్డు ఉంది. ఎక్కడ విడిపోయిందో సరిగ్గా అక్కడే మళ్లీ రుద్దండి. తర్వాత ఆరబెట్టి ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. ఇక ఆ చోట వేలు పెట్టకూడదు. చేతి చెమట, నూనె మళ్లీ మొదటికి తెస్తాయి.

కలపడం, పెట్టడం, కట్టడం

జిగురు తీయకముందే ముక్కని ఒకసారి ఉత్తగా పెట్టి చూసుకోండి. ఎలా కూర్చుంటుంది, దేంతో కట్టాలి, దేని మీద ఆనించాలి, ఇవన్నీ ముందే అయిపోవాలి. జిగురు కలిపాక తాడు వెతుక్కుంటూ తిరిగితే టెన్షన్ తప్ప పని జరగదు.

ఎపాక్సీని పాత టైల్ ముక్క మీద పక్కపక్కనే రెండు సమానమైన గీతలుగా పిండండి. కొన్ని రకాలకి కొలత వేరు, డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే. హార్డెనర్ కొంచెం ఎక్కువ వేస్తే తొందరగా గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది, అది తప్పు. ఎక్కువైన హార్డెనర్ జతలేక మిగిలిపోతుంది, అతుకు బంకగా, మెత్తగా ఉంటుంది. పుల్లతో అంచుల నుంచి మధ్యకి లాగుతూ రెండు మూడు నిమిషాలు కలపండి. చారలు ఏమీ లేకుండా ఒకే రంగు రావాలి. కప్పులో కుప్పగా కలపకండి. కుప్పలో వేడి పుట్టి మీరు రాసేలోపే బిగుసుకుపోతుంది. టైల్ మీద పలుచగా పరిస్తే ఇంకా కాసేపు టైము దొరుకుతుంది.

రెండు ముఖాలకీ పలుచగా రాయండి. గీతల్లోకి దిగేలా పుల్లతో రుద్దుతూ రాయాలి. ఇప్పుడు నొక్కండి, కానీ పిండేయకండి. జిగురంతా అంచుల నుంచి బయటికి పోతే లోపల పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఎపాక్సీకి ఒకటి రెండు కాగితాల మందం, అంటే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. దానికి నేనొకటి చేస్తాను. సన్నటి గేలపు నైలాన్ దారం, 0.2 మిల్లీమీటర్లది, రెండు చిన్న ముక్కలు కోసి జిగురులో పడుకోబెడతాను. ఎంత బిగించినా ఆ దారం మందం కన్నా లోపలికి దిగదు.

బిగించడానికి పాత సైకిల్ ట్యూబుని రిబ్బన్లలా కోసి చుట్టండి. ఏ ఆకారానికైనా వంగుతుంది, జారదు, అంతటా ఒకే ఒత్తిడి ఇస్తుంది. బట్టల క్లిప్పులు, పుస్తకాల బరువు కూడా పనికొస్తాయి. బయటికి వచ్చిన జిగురుని గట్టిపడకముందే పుల్లతో తీసేయండి.

ఇక ముట్టుకోకండి. ఐదు నిమిషాల రకమని డబ్బా మీద ఉన్నా, అది ముక్క జారకుండా నిలబడే టైము మాత్రమే. బరువు మోయడానికి ఒక రోజు ఆగాలి. చలికాలం అయితే ఇంకా ఎక్కువ. ఎక్కువసార్లు చెడేది ఇక్కడే. సాయంత్రం అతికించి, రాత్రి "గట్టిపడిందా" అని లాగి చూస్తాం. లోపల సగం కట్టుకున్న పట్టు కనబడకుండా చిట్లిపోతుంది. పైకి బాగానే ఉంటుంది, నాలుగు రోజులకి ఊడుతుంది.

బరువు ఎటు లాగుతుందో కూడా చూసుకోవాలి. అద్దానికి అంటించిన బొట్టుబిళ్లని పక్కకి తోసి చూడండి, కదలదు. అంచున గోరు పెట్టి లేపితే ఇట్టే వచ్చేస్తుంది. జిగురు అతుకు కూడా అంతే. పక్కకి జరిపే బలాన్ని తట్టుకుంటుంది, అంచు నుంచి ఒలిచే బలానికి లొంగిపోతుంది. బీరువా పిడి లాంటిది ప్రతిసారీ ఒకే అంచు నుంచి లాగబడుతుంది. అలాంటి చోట అతికే వెడల్పు పెంచండి. పిడి కింద పలుచటి ఏబీఎస్ పట్టీ వేసి రెండింటినీ కలిపి అతికించవచ్చు. లేదా లాగే చివర ఒక్క చిన్న స్క్రూ వేయండి. ఒక స్క్రూ, కింద ఎపాక్సీ, ఈ జంట విడివిడిగా ఒక్కొక్కటి చేసేదాని కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది.

తేలిన ప్లాస్టిక్ అయితే

గ్లాసులో తేలిందా? మామూలు ఎపాక్సీ దాని మీద నిలవదు. మూడు దారులున్నాయి.

పాలీప్రొపిలీన్ కోసమే చేసిన రెండు భాగాల యాక్రిలిక్ జిగుళ్లు ఉన్నాయి. పనిచేస్తాయి, ఖరీదు ఎక్కువ. కొన్ని ఇన్‌స్టంట్ గ్లూలతో ప్రైమర్ సీసా కలిపి ఇస్తారు. ముందు ప్రైమర్ రాసి, ఆరాక జిగురు వేయాలి. చిన్న ముక్కలకి ఇది బాగుంటుంది.

రెండోది మంట. గ్యాస్ లైటరు టార్చి నీలి మంట కొసని ప్లాస్టిక్ మీదుగా సరసరా ఒకటి రెండుసార్లు పోనివ్వండి. కరగకూడదు, వంగకూడదు, రంగు మారకూడదు. ఒకచోట ఆగితే పాడైపోతుంది. మంట తగిలిన పై పొర గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని మారిపోతుంది. ఇప్పుడు నీటిచుక్క వేసి చూడండి, ముందు ముడుచుకున్న చుక్క ఇప్పుడు పరుచుకుంటుంది. అప్పుడు తడి తుడిచి వెంటనే ఎపాక్సీ రాయాలి, మర్నాటికి వదిలేయకూడదు. దగ్గర్లో ఆల్కహాల్ సీసా తెరిచి ఉంచుకుని ఈ పని చేయకండి. పిల్లలున్న చోట అసలు వద్దు.

మూడోది నాకు ఎక్కువ నమ్మకమైనది. అతికే చోట ప్లాస్టిక్‌కి 3 మిల్లీమీటర్ల బిట్టుతో నాలుగైదు బెజ్జాలు వేయండి. వెనకవైపు ప్రతి బెజ్జాన్నీ పెద్ద బిట్టుతో కొంచెం గరాటులా వెడల్పు చేయండి. ఎపాక్సీ ఆ బెజ్జాల్లోంచి వెనక్కి వచ్చి గరాటులో నిండి గట్టిపడితే అదే మేకు తలలా బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ జిగురుకి అతకకపోయినా ఊడిరాదు. వెనకవైపు కనబడని వస్తువులకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఎండలో ఉండే వస్తువు: గేటు నేమ్ ప్లేటు

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ గట్టి జిగురే శత్రువు. ఎండకి మామూలు ప్లాస్టిక్ ఇనుము కన్నా ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 45 సెంటీమీటర్ల యాక్రిలిక్ ప్లేటు ఇనప గేటు మీద ఉందనుకోండి. తెల్లవారుజామున చల్లగా ఉన్నది మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. 35 డిగ్రీల తేడా వస్తే ప్లేటు గేటు కన్నా దాదాపు 0.9 మిల్లీమీటరు ఎక్కువ పొడుగవుతుంది. రోజూ సాగి, రోజూ ముడుచుకుని. ఎపాక్సీ సాగదు. ఒకరోజు అతుకైనా వదలాలి, ప్లేటైనా పగలాలి.

అందుకని ఇక్కడ సాగే అతుకు కావాలి. రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపుల్లో 3ఎం కంపెనీ వీహెచ్‌బీ (వెరీ హై బాండ్) రకం సరిగ్గా ఇలాంటి పనికే ఉంది. బజార్లో దొరికే మామూలు స్పాంజి టేపు అది కాదు, అడిగి తీసుకోండి. కిలో బరువుకి 55 నుంచి 60 చదరపు సెంటీమీటర్ల టేపు వేయాలన్నది తయారీదారు చెప్పే లెక్క. 45 బై 20 సెంటీమీటర్లు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న యాక్రిలిక్ ప్లేటు అరకిలో పైచిలుకు తూగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు టేపు రెండు నిలువు పట్టీలు వేస్తే అవసరానికి మూడు రెట్లు అవుతుంది, గేటు వేసేటప్పటి దెబ్బకి ఆ మాత్రం మిగులు ఉండాలి. పట్టీలు నిలువుగానే వేయండి, అడ్డంగా వేస్తే పైన వాననీళ్లు నిలుస్తాయి.

గేటు పెయింటు గట్టిగా ఉంటే దాని మీదే వేయొచ్చు. పొట్టు లేస్తుంటే ఆ మేరకు గీకి, ప్రైమర్, పెయింటు వేసి, వారం ఆరనిచ్చాకే టేపు వేయాలి. ఉత్త ఇనుము మీద వేస్తే టేపు కింద తుప్పు పుడుతుంది. టేపు అంటించాక బొటనవేలితో పట్టీ పొడవునా గట్టిగా నొక్కండి. ఈ టేపుకి పట్టు వచ్చేది నొక్కడంతోనే. ఇరవై నిమిషాలకి సగం పట్టు, ఒక రోజుకి పదింట తొమ్మిది వంతులు, మూడు రోజులకి పూర్తిగా వస్తుంది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న గేటు మీద వేయకండి, వాన రోజు తేమ మీదా వేయకండి. పొద్దున్న పూట నీడ ఉన్నప్పుడు వేయండి.

చేతులకి, కళ్లకి

ఎపాక్సీ పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగలనివ్వకండి. మొదట ఏమీ అనిపించదు, పదే పదే తగిలితే దురద, దద్దుర్లు మొదలవుతాయి, ఒకసారి పడకపోవడం మొదలైతే అది పోదు. గ్లవ్స్ వేసుకోండి. అంటుకుంటే సబ్బు నీళ్లతో కడగండి, థిన్నర్‌తో చేతులు కడగకండి.

ఇన్‌స్టంట్ గ్లూతో వేళ్లు అతుక్కుంటే లాగకండి, చర్మం వస్తుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో నానబెట్టి, వేళ్ల మధ్య పెన్సిలు దొర్లించినట్టు నెమ్మదిగా విడదీయండి. ఈ గ్లూని నూలు గుడ్డతో, దూదితో తుడవకూడదు. నూలు మీద అది ఒక్కసారిగా గట్టిపడి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కంట్లో పడితే రెప్పలు బలవంతంగా తెరవకండి, నీళ్లతో కడిగి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎప్పుడైనా విప్పాల్సి వస్తే

అతికించినది తీయాల్సిన రోజూ వస్తుంది. ఇల్లు మారినప్పుడు నేమ్ ప్లేటు కావాలి. స్క్రూడ్రైవరు పెట్టి తన్నితే ప్లాస్టిక్ పగులుతుంది. హెయిర్ డ్రయర్‌తో ఇనుము వైపు నుంచి ఐదారు నిమిషాలు వేడి చేయండి. ఫోమ్ టేపు అయితే గేలపు దారం రెండు చివరలూ చేతులకి చుట్టుకుని, ప్లేటు వెనక నుంచి రంపంలా ముందుకీ వెనక్కీ లాగుతూ కిందికి దిగండి. టేపు మధ్యలో కోసుకుపోతుంది. కింద ఇంకొకరు ప్లేటు పట్టుకుని ఉండాలి. మిగిలిన టేపుని బొటనవేలితో ఉండలా చుడుతూ దొర్లిస్తే గీత పడకుండా వచ్చేస్తుంది. ఎపాక్సీ అయితే వేడికి మెత్తబడ్డాక పలుచటి పుట్టీ బ్లేడు ఒక మూల నుంచి నెమ్మదిగా దూర్చండి, మళ్లీ వేడి చేయండి, ఇంకొంచెం దూర్చండి. విడిపోయాక రెండు ముఖాలూ మళ్లీ వెలుతురులో పెట్టి, జిగురు ఎటువైపు ఉందో చూసుకోండి.